తాబేలు తల దారికొచ్చింది

కుంటలో నీళ్లు అడుగంటాయి. వాగుకి పోదామంటే తాబేలుకి ఒకటే జబ్బు. ఆకు కదిలినా తల లోపలికి లాక్కుంటుంది. ఇక నడకెక్కడిది?

అందుకని తనకి తనే ఒక కట్టడి పెట్టుకుంది. "చప్పుడికి తల బెదరకపోతే తామరతూడు తింటా. బెదిరిందా, కాలు కొరుక్కుంటా."

"తప్పు తలదైతే కాలికెందుకు మామా శిక్ష?" అనడిగింది అదే కుంటలో ఉండే కప్ప.

"ఆ నొప్పితో తలకి బుద్ధొస్తుంది, చూస్తుండు!"

తల ఒకసారి నిలబడి తూడు తినేది, తొమ్మిదిసార్లు బెదిరి కాలు కొరికేది. మూడు రోజులకి కాళ్ల నిండా గాట్లు. తల లోపలికొస్తే చాలు, కాళ్లు వణికేవి.

నాలుగో రోజు తాబేలూ కప్పా వాగుకి బయల్దేరాయి. నాలుగడుగులు వేశాయో లేదో, పైన గద్ద నీడ పడింది. తాబేలు తల చటుక్కున డిప్పలోకి దూరింది. ఇక కొరుకుతుందని కాళ్లు పరుగందుకున్నాయి. కప్ప వెనకే గెంతింది. కాళ్లు వాగు నీళ్లలోకి వెళ్లాకే ఆగాయి.

అప్పుడు తల బయటికొచ్చింది. "చూశావా, నా తల ఎలా దారికొచ్చిందో!" అంది తాబేలు.

కప్ప ఆ తల వంక చూడలేదు. వంగి కాళ్లనడిగింది.

"బాగా నొప్పెట్టిందా?"