అదరని గీత

"కారు అక్కడే ఆపు!"

గేటు దగ్గర ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. పైన వాన.

ఆశాజ్యోతి అద్దం దించింది. "అంకుల్, స్టేషన్ కొండ మీదుంది. బ్యాటరీ పదిహేను కిలోలు. లోపలిదాకా డ్రైవ్ చేసుకెళ్తా."

"నడిచి పో తల్లీ."

"పోనీ ఆ తోపుడుబండన్నా ఇవ్వండి."

"ఇవ్వను."

అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఆశాజ్యోతి పళ్ళు నూరుకుంటూ బ్యాటరీ భుజానికెత్తుకుంది.

ఆయన పేరు నర్సయ్య. ఎప్పుడో చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళినవాళ్ళ మనవడు. ఫిజీ వదిలి న్యూజీలాండ్ వచ్చి, క్రైస్ట్‌చర్చ్‌కి గంటన్నర దూరంలో ఈ కొండ కొనుక్కుని పది ఆవులు పెట్టుకున్నాడు. పరాయి దేశంలో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొస్తుందంటారు. ఈయన తెలుగు వింటే ఆమెకి ఉన్న ప్రాణం పోతోంది.

అది 2003. దేశమంతటా భూకంపాల్ని కనిపెట్టే కొత్త స్టేషన్లు పెడుతున్నారు. ఒంగోలు నుంచి చదువుకోవడానికొచ్చిన ఆశాజ్యోతికి అందులో ఏడాది కాంట్రాక్టు మీద ఉద్యోగం దొరికింది. ఈ కొండని ఎంచింది, రాతి మీద గొయ్యి తీయించి సెన్సర్ పెట్టె దింపింది ఆమే. ఏడాది చివర్లో అక్కడి రికార్డు బాగుంటే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే వీసా గడువు చూసుకుని పెట్టె సర్దుకోవడమే.

రికార్డు బాగుండటమేమిటి, అద్భుతంగా ఉంది.

మిగతా స్టేషన్లలో నేల కదలికని చూపే గీతలు లారీలకీ గొర్రెలకీ గజగజలాడుతుంటే, ఈ కొండ గీత మాత్రం తిన్నగా, దారం లాగినట్టు ఉండేది. ఎక్కడో సముద్రం అడుగున చిన్న కదలిక వచ్చినా ముందు ఇక్కడే తెలిసేది.

"ఎలా సాధించావు?" అని మేనేజరు మీటింగులో అడిగాడు.

"సైటు ఎంచుకోవడంలోనే ఉందంతా" అంది ఆశాజ్యోతి, కొంచెం గర్వంగానే.

కాంట్రాక్టు పర్మనెంటయింది. రెసిడెన్సీ వచ్చింది. క్రైస్ట్‌చర్చ్‌లోనే, రిక్కార్టన్ పేటలో చిన్న ఇల్లు కొంది. కొత్తగా చేరినవాళ్ళకి సైటు ఎలా ఎంచుకోవాలో ఆమే పాఠాలు చెప్పేది.

నర్సయ్య మాత్రం మారలేదు. ఎప్పుడెళ్ళినా గేటు దగ్గరే ఆపేవాడు, నడిపించేవాడు. దిగొచ్చేసరికి ఒకటే ప్రశ్న.

"గీత బాగుందా తల్లీ?"

"బాగుంది." అంతకు మించి ఆమె మాట్లాడేది కాదు. ఒక్కసారీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఐదేళ్ళు గడిచాయి.

2008లో ఒక వారం కొండ గీత ఉన్నట్టుండి చెడిపోయింది. పొద్దున గంట, సాయంత్రం గంట ఒకటే వణుకు.

ఆశాజ్యోతి కొత్త సెన్సర్ వేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని కారు నేరుగా స్టేషన్ దాకా పోనిచ్చింది.

సెన్సర్ మార్చింది. లాప్‌టాప్‌లో గీత క్షణం ఆగి, మళ్ళీ గజగజలాడింది.

అప్పుడు వినబడింది, చెట్ల వెనక నుంచి డుగుడుగుమని చప్పుడు. వెళ్ళి చూస్తే రేకుల షెడ్డు. అందులో నీళ్ళు తోడే డీజిల్ పంపు. తుప్పు చూస్తే ఇరవై ఏళ్ళ నాటిది.

సైటు ఎంచుకున్న రోజు పంపు ఆగి ఉండాలి. తొందరలో తను చెట్ల వెనక తొంగి కూడా చూడలేదు. స్టేషన్ పెట్టకూడని చోట పెట్టింది!

కింద ఇంట్లోంచి ఒక పెద్దావిడ మెల్లగా కుంటుకుంటూ వచ్చింది. నర్సయ్య భార్య సత్యమ్మ.

"పంపు వేస్తే నీ పెట్టెకి తప్పయిందా తల్లీ? నా మోకాళ్ళు బాలేవు. ఆవుల్ని వాగు దాకా తోలుకెళ్ళలేకపోతన్నా."

"అంకుల్ లేరా ఆంటీ?"

"పోయి నలభై రోజులు. అప్పటినుంచి పక్క ఫారం పిల్లోడు ఆవుల్ని తోలిపెట్టాడు. వాడూ పోయిన వారం ఊరెళ్ళిపోయాడు."

ఆశాజ్యోతి ఆవిడకి దగ్గరగా వెళ్ళింది.

"ఐదేళ్ళు ఆ పంపు ముట్టనివ్వలేదమ్మా. రోజూ రెండుపూటలా ఆవుల్ని నడిపించుకుని వాగుకి పోయేవాడు. ట్రాక్టర్ రోడ్డు మీదే వదిలి గడ్డి మోసుకొచ్చేవాడు. చక్రం తిరిగేదేదీ గేటు దాటకూడదనేవాడు."

"ఎందుకు?"

"నువ్వే చెప్పావంట కదా? ఆవు అడుగు పడినా ఆ గీత అదిరిద్ది, గీత అదిరితే నా ఉద్యోగం పోద్ది అని."

అన్నదేమో. స్థలం ఇప్పించుకునే తొందరలో నవ్వుతూ అనేసి ఉంటుంది. ఆమెకి గుర్తు కూడా లేదు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆంటీ?"

"నేనూ అదే అడిగా. చెప్తే ఆ పిల్ల తన తప్పుకి బాధపడి పెట్టె పీక్కుపోతది, ఊరుకో అన్నాడు."

ఆశాజ్యోతి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. తన ఇల్లు, తన తిండి, ఈ దేశంలో తన చోటు, అన్నీ ఒక ముసలాయన కాళ్ళ మీద నిలబడ్డాయి. ఆయనకి ఒక్కసారి థాంక్స్ చెప్పలేదు. ఆ మాట ఇప్పుడు సత్యమ్మతో చెప్పింది.

"పంపు ఆపకండి ఆంటీ. స్టేషన్ సంగతి నేను చూసుకుంటా" అంది.

ఆ సాయంత్రం సత్యమ్మ పెట్టిన అన్నం తిని లేస్తుంటే మేనేజరు ఫోను.

"సెన్సర్ మార్చావా? ఏమిటి ప్రాబ్లెం?"

"సెన్సర్ బాగానే ఉంది" అంది ఆశాజ్యోతి. "స్టేషన్ నడిపే మనిషి చనిపోయాడు."