ఆదివారం క్లాసుకి దరఖాస్తు

కాలనీ హాల్లో సంగీతం ప్రొఫెసరుగారి ఉచిత క్లాసుకి పేర్లు ఇచ్చేవాళ్ల వరస గుమ్మం దాటింది. గంటసేపు నిలబడి నా కాళ్లు పీకాక, చివరికి నా వంతు వచ్చింది.

ఆ గోలలో ఆయన తలెత్తలేదు. కళ్లు కాగితం మీద, విసుగంతా గొంతులో.

"మధ్యలో మానేస్తే ఊరుకోను. కాలనీ కోసం నా ఆదివారాలన్నీ ధారపోస్తున్నా. ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకున్నారా?"

"లేదండీ. నేర్పిస్తానని మాటిచ్చినాయన పదహారేళ్లుగా రేపు మాపు అంటున్నారు."

"అలాంటివాళ్లని నమ్ముకుంటే అంతే సంగతులు. ఇంట్లో ఒప్పుకున్నారా? తర్వాత నా మీదికి గొడవకొస్తారు."

"అడగడానికి ఆయన ఇంటిపట్టున ఉంటే కదండీ!"

"ఆయనేం మనిషండీ!" చిరాగ్గా కలం విదిలించారు. "సరే, భర్త పేరు?"

"మీ పేరే రాసుకోండి."