కొర్రమట్టల దొంగ

“దొంగ! దొంగ! మన కుంటల చేపలు పడ్తుండు!”

సిద్దమ్మ కేకకు చేపలు పట్టే ఐదిళ్ళవాళ్ళూ గట్టు మీదికి ఉరికొచ్చారు.

మోకాటి లోతు నీళ్ళలో ఎవరో బక్కమనిషి. చేతిలో గాలం. పక్కన బుట్ట. బుట్టలో అన్నీ కొర్రమట్టలే, పులుసుకు పేరుపడ్డ కొర్రమీనులు.

“మస్తు ఏరినవ్ పో! చిన్న పరకలు నీ నోటికి సయించయా?” అన్నాడు సిద్దమ్మ మగడు ముత్తయ్య.

శామీర్‌పేట పక్కనున్న ఆ కుంటే ఐదిళ్ళకూ దిక్కు. ఆ వానల్లోనే మంజీర నుంచి కుండల్లో మోసుకొచ్చి బొచ్చె, రవ్వ, మోసు చేపపిల్లల్ని పోశారు. ఎండాకాలానికి అవి ఎదగకపోతే ఊరు విడిచి పట్నం కూలికి పోవలసిందే.

“ఇవి నాకొద్దక్కా, మీరే తీస్కోండ్రి,” అన్నాడా మనిషి. “బొచ్చె పైన మేస్తది, రవ్వ నడుమ, మోసు అడుగున. ఒకదాని కూడు ఒకటి ముట్టది. కొర్రమట్ట అట్ల గాదు, మూడింటినీ మింగుతది.”

“మా తాతల కాడికెంచి అన్నీ కలిసే బతికినయ్. నువ్వొచ్చి వేరుకాపురం పెట్టిస్తవా?” అన్నాడు ముత్తయ్య.

అందరూ నవ్వారు.

“అప్పటియి ఈడు జోడువి. మీరిప్పుడు పోసినయి పసికూనలు...”

సిద్దమ్మ కట్టె అతని ముంజేతి మీద పడింది.

“మల్ల గీ గట్టెక్కితే కాళ్ళిరగ్గొడ్త!”

బుట్ట అక్కడే వదిలి, చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట ఐదిళ్ళలోనూ కొర్రమట్టల పులుసే.

ఎండలు ముదిరాక వల వేశారు. గట్టున కుమ్మరిస్తే తట్టెడు కొర్రమట్టలు, బాగా బలిసినవి. బొచ్చె లేదు. రవ్వ లేదు. మోసు ఒక్కటీ లేదు.

ఐదిళ్ళకు ఆ తట్టెడు ఏ మూలకు?

ముత్తయ్య ఇంటికొచ్చి మూటలు కట్టసాగాడు.

“జర ఆగు,” అంది సిద్దమ్మ. “ఆ మనిషిని బతిమిలాడి తోలుకొస్త. వానలు పడంగనే పిల్లను పోద్దాం. ఆయన జెప్పినట్టే జేద్దాం.”

పెద్ద కొర్రమట్టనొకదాన్ని మోదుగాకుల్లో చుట్టుకుంది. ఆనవాళ్ళు చెప్పి అడుగుతూ, మచ్చ బొల్లారం చర్చి దాకా నడిచింది.

ఆ ఆనవాళ్ళు విని, చర్చి వాకిలి ఊడుస్తున్న మార్తమ్మ చీపురు ఆపింది.

“దేవసహాయమన్ననా? మొన్నటి వానల్లనే పాయె గదమ్మా. చెయ్యి వాచింది, జరం బట్టింది. దెబ్బెట్ల తాకిందంటే నోరిప్పలే.”

సిద్దమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

“గా ఆకులల్ల ఏంది?”

“కొర్రమట్ట... ఆయనకిష్టమని.”

“ఇష్టమా! చేప వాసనొస్తే కూటి ముంగటికెంచి లేచిపోయేటోడు.”

“ఎందుకట్ల?”

మార్తమ్మ గొంతు తగ్గించింది.

“బతకబోయి బంగాళంల ఓ దొర చేపల చెరువుకు కావలున్నడంట. ఆడ కరువొచ్చి తన ముగ్గురు బిడ్డలు కండ్ల ముంగట్నే ఆకలికి సస్తున్నా, తనది గాదని చెరువుల ఒక్క చేపను ముట్టలేదంట.”