సరోజన సాక్ష్యం

రొట్టె పళ్లెం సరోజన ముందు ఆగలేదు. చాచిన ఆమె చేతులను దాటుకుని పక్కనున్న బుచ్చమ్మ దగ్గరికి పోయింది.

"అయ్యా, నాకియ్యలే" అంది సరోజన మెల్లగా.

పాస్టరు ధర్మేందర్ కొంచెం వంగాడు. "ఆరాధన అయినంక మాట్లాడుదం" అని ముందుకు కదిలాడు.

రఘునాథపల్లిలో హైవే పక్కనున్న రేకుల షెడ్డే ఆ సంఘానికి మందిరం. నెలకోసారి, మొదటి ఆదివారం ప్రభు బల్ల ఆరాధనలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు రొట్టె ఇస్తారు. అందరూ వెళ్లిపోయాక సరోజన గుమ్మం దగ్గర నిలబడింది.

"నాకు బాప్తిస్మం ఇచ్చింది మీరే గదయ్యా. ఇప్పుడేం తప్పు జేసిన?"

"బాప్తిస్మం తీసుకున్నంక గూడ నుదుట బొట్టు, మెడల పుస్తెలు, కాళ్లకు మట్టెలు. గిట్ల వచ్చి ప్రభు బల్ల ముందట కూసుంటే సంఘ పెద్దలు ఊకుంటలేరమ్మ. అవి ఇడిసిపెట్టాలె."

"ఏసయ్య నా పాపాల కోసం సచ్చిండు, మూడో దినం లేసిండు. గది నమ్మితే రక్షణ అని మీరే చెప్పిన్రు. నమ్మిన. పుస్తెల సంగతి అప్పుడు చెప్పలే."

ధర్మేందర్ చేతిలో బైబిలు ఉంది. ఆమె మాటకు అడ్డం చెప్పే వాక్యం ఒక్కటీ అతనికి తోచలేదు. పెద్దల ముఖాలు మాత్రం గుర్తొచ్చాయి.

"నువ్వు చెప్పింది పునాది. గిది సంఘం క్రమం. నేనొక్కన్ని మార్చలేను" అన్నాడు.

బయట బండి మీద కూర్చున్న ఉప్పలయ్య దిగి లోపలికి వచ్చాడు. సరోజన భర్త. అతను మందిరంలో ఎప్పుడూ కూర్చోలేదు గానీ, ప్రతి ఆదివారం ఆమెను దింపి, అయిపోయేదాకా హోటల్లో చాయ తాగుతూ కూర్చుంటాడు.

"అయ్యా, మా ఊళ్లకెల్లి మీ మందిరానికొచ్చేది ఇదొక్కతే. నేను వద్దన్లే. మీరు గూడ జర ఆలోచించుండ్రి. పుస్తెలు తీసి ఇంటికొస్తే మా అవ్వ గడప తొక్కనిస్తదా? ఊళ్లె నన్నేమంటరు?"

"దేవుని కోసం కొన్ని పోగొట్టుకోవాలె, ఉప్పలయ్యా."

"మీ దేవుడు దీన్ని పిలిచిననాడు బొట్టుతోనే ఉండె గదయ్యా."

సరోజన కొంగుతో మెడ కప్పుకుంది.

"ఇంట్ల తీయనియ్యరు. ఈడ ఉంచనియ్యరు. నేనేం జెయ్యాలె?"

ఆమె ఒకసారి భర్తను, ఒకసారి పాస్టరును చూసింది. ఇద్దరూ నేల చూపులు చూశారు. ఉప్పలయ్యే "పా, పోదాం" అని బండి తీశాడు.

మర్నాడే ధర్మేందర్ సువార్త సభల కోసం కొత్తగూడ వెళ్లిపోయాడు. గూడెం గూడెం తిరిగి, నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు. ఆ ఆదివారాలు సరోజన కూడా మందిరానికి రాలేదు.

మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడుస్తున్న ధర్మేందర్ చివరి వరుసలో ఆగిపోయాడు. సరోజన తల వంచుకుని కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. మెడలో పుస్తెలు లేవు. కాళ్ల వంక చూశాడు. మట్టెలు కూడా లేవు.

నెల రోజులుగా గుండె మీద ఉన్న బరువు దిగినట్టయింది అతనికి. ముందు వరుసలో పెద్దలు కూడా వెనక్కి తిరిగి చూశారు. ధర్మేందర్ పళ్లెం నుంచి రొట్టె ముక్క తీసి స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు.

"మన సోదరి గెలిచింది. దేవునికి స్తోత్రం" అన్నాడు సంఘం వైపు తిరిగి. అందరూ చప్పట్లు కొట్టారు. బుచ్చమ్మ ఆమె భుజం తట్టింది.

"లేచి సాక్ష్యం చెప్పమ్మ. ఇట్ల తీయడానికి నీకు అంత బలం ఎట్లొచ్చిందో నలుగురికీ తెలువనీ" అంటూ మైకు అందించాడు.

సరోజన లేచింది. ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో మైకు. చప్పట్లు ఆగేదాకా ఊరుకుంది.

"నేను తీయలేదయ్యా. మా ఆయన బాయికాడ కరెంటు షాకుతోని సచ్చిపోయిండు. మొన్న దినాల నాడు మా అత్తనే తీసింది."