అడిగిన మనిషి

"నత్తి ఉన్న అమ్మాయి కబుర్లతో చిన్న వీడియోలు. బాగుంది, చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇదే చెయ్యి," అన్నారు మేడమ్ క్లాసులో ఒక విద్యార్థినితో.

పక్క కుర్చీలో ఉన్న ఆ విద్యార్థిని స్నేహితురాలు కొయ్యబారిపోయింది. ఆ ఆలోచన తనది. నత్తి తన చెల్లెలికి. నమ్మి ఈ స్నేహితురాలికొక్కదానికే చెప్పుకుంది.

క్లాసు బయట స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ఆపింది. "నాది ఎత్తుకుపోవడానికి నీకు మనసెలా ఒప్పిందే?"

"మీ చెల్లి ఒప్పుకుంది. కనుక్కో కావాలంటే."

అక్కడే నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది. "దానికి సరేనన్నావా? నాకో మాట చెప్పాలనిపించలేదా?"

చెల్లెలు మాట కూడదీసుకుంది. "త... తను నన్ను అడిగిందక్కా. నువ్వు నా గురించి తనకి చెప్పావు గానీ, న... నన్నే అడగలేదు."

స్నేహితురాలిని ఆమె క్షమించలేదు. కానీ ఆ సాయంత్రం చెల్లెలి గది తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని మొదటిసారి అడిగింది.