ఊపిరి నిండాకే మత్తు

"ముందు ఆక్సిజన్ పెట్టాలి. అప్పటిదాకా మత్తు ఇవ్వను," అంది డాక్టర్ మాణిక్యం.

నర్సు శౌరమ్మ చేతిలో పళ్లెం అలాగే ఆగిపోయింది. ఆ నర్సింగ్‌హోం కట్టించిన సర్జన్ సంజీవరావుగారికి ఎదురు చెప్పినవాళ్లు మర్నాడు అక్కడ పనిలో కనిపించరని బెజవాడంతా ఎరుగును. మాణిక్యం చేరి నెలైనా కాలేదు. గుంటూరు నుంచి వచ్చిన సర్జన్ జక్కయ్యగారు మనకెందుకులే అన్నట్టు చేతి తొడుగులు వేసుకుంటున్నారు.

"పిత్తాశయంలో రాళ్లు తీయడానికి ఇంత రభసా?" అన్నారు సంజీవరావు. "సిలిండరు గుమ్మం దాటిందంటే వరండాలో ఏడుపులు మొదలవుతాయి. ఈ ఊళ్లో ఆక్సిజన్ పెట్టారంటే మనిషి పోయినట్టే లెక్క!"

"వరండాలో ఉన్న పద్మావతమ్మగారికి నేను నచ్చజెబుతాను. ఇంత లావు మనిషి వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది సార్. లోపల నిలవుండే గాలే తక్కువ. మత్తిచ్చాక ఊపిరి ఆగుతుంది. నేను గొంతులో గొట్టం వేసేలోగా ఒళ్లు నీలమెక్కితే?"

"మాటిమాటికీ ఆ లావు మాట ఎత్తకు! నా చేతి మీద ఎన్ని ఆపరేషన్లు జరిగాయి? ముందుగా ఒక్కరికైనా పెట్టామా?"

"ఇన్నాళ్లూ దేవుడు పెట్టాడు. ఇవాళ నేను పెడతాను."

"నీకు ఉద్యోగం అక్కర్లేదా?"

"కావాలి సార్. మనిషి కూడా కావాలి."

మాణిక్యానికి భయం కన్నా ఒళ్లు మంట ఎక్కువైంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ గదిలో రాజూ ఉన్నాడు, మొండిదీ ఉంది. ఆమె విసురుగా వెళ్లి, వరండాలో చుట్టాలందరి ముందునుంచీ సిలిండరు తోసుకొచ్చింది.

బయట ఎవరో ఆడమనిషి "ఓరి దేవుడోయ్!" అని శోకం ఎత్తుకుంది.

"విన్నావా? పామర్రు చుట్టాలంతా బయటే ఉన్నారు. సాయంత్రానికి నా ఆసుపత్రి పరువు బందరు కాలవలో కలుస్తుంది!"

"కలవనివ్వండి. ఇవాళ ఏడ్చినవాళ్లే రేపు నవ్వుతారు," అంటూ మాణిక్యం సిలిండరు మర తిప్పింది. గాలి బుస్సుమంది.

"రేపట్నుంచి నువ్వు ఈ గడప తొక్కడానికి వీల్లేదు!" అని అరిచారు సంజీవరావు.

"అలాగే సార్. ఆ మాట రేపు చెప్పడానికి మీరుండాలిగా," అంటూ మాణిక్యం ఆపరేషన్ బల్ల మీదికి వంగి, పడుకునే అరుస్తున్న సంజీవరావుగారి ముక్కూ నోరూ కలిపి మాస్కు అదిమిపెట్టింది.