కింది నంబరు

"ఇది కూరగాయల కొట్టు కాదమ్మా," అన్నాడు షాపు యజమాని, కుర్చీలోంచి లేవకుండానే.

ఆమె కదల్లేదు. వెలిసిన బట్టలు, అరిగిన చెప్పులు, భుజాన గుడ్డసంచి, చేతిలో మడతలు పడ్డ కాగితం.

"ఏసీ కంప్రెసర్ కావాలండీ. సెకండ్ హ్యాండుదే," అని బండి పేరు, మోడలు, సంవత్సరం గడగడా చెప్పింది.

యజమాని ఆమెను కాళ్ల నుంచి తలదాకా ఓసారి కొలిచాడు. అలాంటి ఎస్‌యూవీ నీడలో నిలబడాలన్నా ఓ స్థాయి ఉండాలని అతని నమ్మకం.

"బండి తమరిదేనా?"

"మా ఆయన డ్రైవరండీ."

"అదీ సంగతి! మరి ఆయనగారు దయచేయలేదేం?"

"రాలేకపోయారు."

"బాగుంది. ఏసీలో కూర్చునేది ఓనరు, బండి తోలేది మొగుడు, సామాను మోసేది పెళ్లాం!" తన జోకుకు తనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఇలాంటి జోకులు ఆ పాత కార్ల సామాన్ల వీధిలో అప్పటికి పదకొండు షాపుల్లో విని వచ్చింది. ఒకడు చిన్న కారుది తెచ్చి, "ఏదైనా ఒకటేలే, బిగించేస్తారు" అని అంటగట్టబోయాడు. పుల్లీ మీది గాడులు లెక్కపెట్టి వెనక్కిచ్చేసింది. ఇంకొకడు సరిగ్గా ఆ మోడలుదే చూపించాడు. ఆమె దానికి బిగించిన రేకుముక్క మీది పై నంబరు చదివింది, కింది నంబరు చదివింది, కాగితంతో పోల్చి చూసి "ఇది కాదండీ" అంది.

"పై నంబరు మోడలుది, అది కలిస్తే చాలు తల్లీ. కింది నంబరు ఏ రెండిటికీ కలవదు," అని అతను నెత్తి కొట్టుకున్నాడు.

అయినా ఆమె లేచి పక్క షాపుకు వెళ్లింది. సాయంత్రమయ్యేసరికి ఆమెకు ఆ వీధిలో ఓ పేరు కూడా పడిపోయింది: నంబర్లావిడ.

"నంబర్లావిడవు నువ్వేనా?" యజమానికి ఇప్పుడు వెలిగింది. "ఏముంది ఆ కాగితంలో?"

"నిరుడు సర్వీసు సెంటర్లో కంప్రెసర్ మార్చినప్పుడు రాసిచ్చారండీ. అచ్చం ఇదే కావాలి."

"ఆహా! ఒరేయ్ మొద్దూ!" అని లోపలికి కేకేశాడు.

బావమరిది వచ్చాడు. పెళ్లాం తమ్ముడు. ముప్పై అయిదేళ్లు నిండినా ఆ షాపులో మొద్దు, దద్దమ్మ, దండగమారి అనే మూడు పేర్లతోనే చలామణీ అవుతున్నాడు.

"ఆ నల్ల బండి విప్పాం చూడు, దాని కంప్రెసర్ పట్రా."

బావమరిది ఆమె చేతిలోని కాగితం వైపు చూశాడు. "అది... అది అమ్ముడుపోయింది కదా బావా."

"ఎవరికిరా, నీ మొహానికా? పొద్దున్నేగా పై అరలో చూశాను. పట్రా."

తెచ్చి బల్ల మీద పెట్టాడు. యజమాని క్లచ్ పళ్లేన్ని వేలితో తిప్పి చూపించాడు. వెన్నలా తిరిగింది. ఆమె మాత్రం వంగి, రేకుముక్క మీది జిడ్డును కొంగుతో తుడిచింది. పై నంబరు చదివింది. కింది నంబరు చదివింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఏం, కలిసిందా?"

"కలిసిందండీ." ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

కంప్రెసర్ దొరికితే ఏడ్చేవాళ్లను యజమాని ఎన్నడూ చూడలేదు. లోకంలో వెర్రి పలురకాలు అనుకున్నాడు.

"నీళ్లలో మునిగిన బండిది కాదు కదండీ?"

"మునిగిన బండా? నా షాపులోనా?" యజమాని గుర్రుమన్నాడు. "నిక్షేపంలాంటి బండి! మా మొద్దు స్వయంగా నడుపుకుంటూ తెచ్చాడు. వీడు పుట్టి బుద్ధెరిగాక చేసిన మంచి బేరం అదొక్కటే."

"బావా..."

"నువ్వు నోర్మూసుకో."

"ఆ మాటే రసీదు మీద రాసివ్వండి," అంది ఆమె. "పైవాళ్లు అడుగుతారు."

"రసీదెందుకు బావా?" బావమరిది మొహమంతా చెమటలు. "కావాలంటే ఊరికే ఇచ్చేసి పంపిద్దాం."

"ఊరికే ఇస్తాడట, దానకర్ణుడు! ఇందుకేరా నీ బతుకు ఇలా తగలడింది."

యజమాని పంతంగా రసీదు పుస్తకం లాగాడు. నల్ల ఎస్‌యూవీని ఫలానా తేదీన తన బావమరిది నడుపుకుంటూ తెచ్చాడనీ, దాన్ని తన యార్డులోనే విప్పించాననీ, ఈ కంప్రెసర్ దానిదేననీ గుండ్రటి అక్షరాలతో రాశాడు. స్టాంపు గుద్దాడు. పెన్ను బావమరిది చేతిలో కుక్కాడు.

"పెట్టు సంతకం. తెచ్చింది నువ్వేగా."

"బావా, ఒక్కసారి లోపలికి రా. ఒక్క మాట..."

"సంతకం పెట్టరా దద్దమ్మా! ఆడమనిషి ముందు నా పరువు తీయకు."

పెట్టాడు.

ఆమె అడిగినంతా ఇచ్చేసింది. బేరం ఆడలేదు. దాంతో యజమానికి ఆమె మీద మిగిలిన ఆ కాస్త మర్యాదా పోయింది. ఆమె కంప్రెసర్‌ను సంచిలో వేసుకుని, బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తూ మెట్లు దిగిపోయింది.

"చూశావురా? ఇలాంటి వెర్రిబాగులవాళ్లు ఉండబట్టే మన పొయ్యిలో పిల్లి లేస్తోంది. నేర్చుకో," అన్నాడు యజమాని.

బావమరిది వినడం లేదు. గుడ్లప్పగించి రోడ్డు అవతలికే చూస్తున్నాడు.

అక్కడ ఆమె రసీదును జీపులో కూర్చున్న ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి, "ఇదిగోండి సార్, మా ఆయన్ని చంపి బండెత్తుకుపోయినవాడి సంతకం," అంది.